కుదురు, నిలకడ

ఫిల్మ్ నగర్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా చెవిన పడే క్రియ ఒకటుంది. హీరో డేట్లు కుదిరాయి, హీరోయిన్‌వి కుదరలేదు. కథ బాగానే కుదిరింది, సెకండాఫే ఇంకా కుదరాలి. ఫలానా కాంబినేషన్ కుదిరితే ఫైనాన్స్ దానంతటదే నడిచొస్తుంది. ముహూర్తం కుదిరి కొబ్బరికాయ కొట్టాక కూడా దర్శకుడికీ కెమెరామన్‌కీ కుదరకపోవచ్చు. సినిమా ఎందుకు ఆగిందని అడిగితే నిర్మాత జవాబు ఒక్క మాటే: 'కుదరలేదండీ.' ఆ వాక్యంలో కర్త లేడు. నెపం ఎవరి మీదా పడదు, అలాగని అబద్ధమూ కాదు. లౌక్యానికి ఇంతకంటే అనువైన క్రియ తెలుగులో నాకు కనపడలేదు.

సినిమావాళ్లు దీన్ని వాడుకున్నారే గానీ పుట్టించలేదు. కుదురుకు పుట్టిల్లు మన వంటిల్లు. పాతకాలపు కుండలకు అడుగు గుండ్రంగా ఉండేది. పొయ్యి మీద మంట సమంగా తగలడానికి ఆ గుండ్రన మంచిదే, నేల మీద దించాలంటేనే చిక్కు. అందుకని ఎండుగడ్డినో పాతగుడ్డనో చుట్టగా చుట్టి దాని మీద కూర్చోబెట్టేవాళ్లు. అదే కుదురు, చుట్టకుదురు. బిందె నెత్తికెత్తుకునేటప్పుడు నెత్తికీ బిందెకీ మధ్య పెట్టుకునే గుడ్డచుట్టకూ అదే పేరు. చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి తవ్వే పాదు కూడా కుదురే. వరిచేలో ఒకచోట నాటిన రెండు మూడు మొక్కల దుబ్బూ కుదురే. కుదురుకు ఎన్ని పిలకలు వేసిందో చూసి రైతు పంట అంచనా కడతాడు. బహువచనంలోకి వచ్చేసరికి అర్థం వేళ్ల దాకా దిగుతుంది, కుదుళ్లతో సహా పెకలించడం అంటాం. దీని ఔపవిభక్తిక రూపం కుదుట. మనసు కుదుటపడేదీ, జ్వరం తగ్గి ఒళ్లు కుదుటపడేదీ ఆ రూపంతోనే. కుదుపు అనే మాట పక్కింటి పిల్లలా కనిపిస్తుంది, పని మాత్రం దీనికి సరిగ్గా ఎదురు; ఆ రెంటికీ చుట్టరికం కలపడానికి నాకు ధైర్యం చాలదు.

అసలు చుట్టాలు పొరుగు రాష్ట్రాల్లో ఉన్నారు. కన్నడంలో 'వ్యాపార కుదురితు' అంటే బేరసారాలు ఊపందుకున్నాయని, 'మదువె కుదురితు' అంటే పెళ్లి ఖాయమైందని. తమిళంలో 'కుదిర్' కూడా పెళ్లి కుదరడం దాకా మనతో కలిసే నడుస్తుంది. మన సినిమా అర్ధశతాబ్దం పాటు మద్రాసులో కాపురం చేసింది కదా, రెండు భాషల ప్రొడక్షన్ మేనేజర్లు ఒకే టీ కొట్టు దగ్గర ఒకే ధాతువుతో డేట్ల గొడవ తేల్చుకుని ఉంటారు.

ఈ క్రియ పట్టుబట్టి అడిగేది ఒకటుంది. కు, కి. వ్యాకరణం భాషలో చతుర్థీ విభక్తి. 'స్థిరం' అనే సంస్కృత శబ్దం ఒంటరిగా నిలబడగలదు: ధ్రువతార స్థిరం, అంతటితో వాక్యం పూర్తి. కుదరడానికి ఆ వెసులుబాటు లేదు. ఎవరికి కుదిరింది, దేనికి కుదిరింది, ఏ రేటుకు, ఏ రోజుకు అనే ప్రశ్న వెంటనే లేస్తుంది. కూరకు ఉప్పు కుదిరిందంటే ఆ పొగడ్త ఉప్పుకూ కాదు, కూరకూ కాదు. రెంటి మధ్య జరిగినదానికి. మనిషి కర్తగా వచ్చినా ఇదే తంతు. 'పనికి కుదిరాడు' అంటాం, ఊరికే 'కుదిరాడు' అనం.

ఇంత చతుర్థి ఎందుకంటే, పదార్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పబోయినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో స్టెబిలిటీకి స్థిరత్వం, ఫేజ్‌కి ప్రావస్థ. ప్రావస్థ ఫరవాలేదు, అలవాటు పడొచ్చు. ఒకే కూర్పు, ఒకే అమరిక ఉండి, పక్కదానితో హద్దు తేటగా తెలిసే భాగం ప్రావస్థ. గ్లాసులో మంచుముక్క తేలుతోంది, పదార్థం ఒకటే, ప్రావస్థలు రెండు. చిక్కంతా స్థిరత్వంతోనే. ఆ మాట చదివిన విద్యార్థికి ప్రతి పదార్థమూ తన స్థిరత్వాన్ని జేబులో వేసుకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అది నిజం కాదని అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలర్డ్ గిబ్స్ 1876, 1878 సంవత్సరాల్లో రెండు భాగాలుగా అచ్చయిన తన పెద్ద వ్యాసంలో తేల్చేశాడు. ఏ ఉష్ణోగ్రతకు, ఏ పీడనానికి, ఏ కూర్పుకు ఏ ప్రావస్థ కుదురుతుంది, ఎన్ని ప్రావస్థలు కలిసి కాపురం చేయగలవు అన్నదే ఆయన లెక్క. దాని నిండా చతుర్థే. సున్నా డిగ్రీలకు కింద నీళ్లకు మంచుగా ఉండటం కుదురుతుంది, పైన కుదరదు. కుండలో తప్పేమీ లేదు, కింది చుట్ట మారింది.

ఇంతవరకూ సులువే. కుదరకపోయినా కదలకుండా కూర్చున్నవాటి సంగతేమిటి?

ఫిల్మ్ నగర్ నుంచి గోల్కొండ కోట ఎంతో దూరం లేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు ఆ బజారులో చేతులు మారాయి. మనం బతికే వేడికీ, గాలి ఒత్తిడికీ కార్బన్‌కు కుదిరిన రూపం గ్రాఫైట్, అంటే పెన్సిలు ములుకు. వజ్రం భూమి లోపల నూరు మైళ్ల లోతున, అక్కడి ఒత్తిడికి కుదిరిన రూపం. పైకొచ్చాక దానికి కుదురు పోయింది. అయినా మారదు, ఎందుకంటే మారడానికి దాటాల్సిన గట్టు చాలా ఎత్తు. ఇట్లాంటి స్థితిని ఇంగ్లీషువాళ్లు మెటాస్టేబుల్ అంటారు. మనవాళ్లు దానికి సంస్కృత సమాసాలు కట్టారు గానీ, ఆ తేడాను ఆస్పత్రి వార్తలు రాసే విలేఖరులు ఎప్పుడో పట్టేశారు. పెద్ద నటుడెవరైనా ఆస్పత్రిలో చేరితే మొదటి రోజుల్లో 'ఆరోగ్యం నిలకడగా ఉంది' అని వస్తుంది. అది చదివి అభిమాని నిద్రపోడు. నిలకడ అంటే ఇప్పటికి మారడం లేదని మాత్రమే. నాలుగు రోజులు పోయాక 'ఆరోగ్యం కుదుటపడింది' అని రాస్తే అప్పుడు ఇంటికెళ్తాడు. వజ్రానిది నిలకడ, గ్రాఫైట్‌ది కుదురు. ఒకటి ఎంతకాలం అన్న ప్రశ్నకు జవాబు, మరొకటి దేనికి అన్న ప్రశ్నకు. మన సామెత రెంటినీ ఎగతాళిగా కలిపేసింది: పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట. వాడిది ఎంతసేపూ నిలకడే.

ఈ తేడా కంటికి కనపడాలంటే సెట్ వేసేచోట మోల్డింగ్ మేస్త్రీ పక్కన కాసేపు నిలబడాలి. రాజుగారి కొలువు కోసం స్తంభాలు పోస్తుంటాడు. గమేళాలో ముందు నీళ్లు, తర్వాత పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి. నీళ్లు పొడి మీద పోయడు, పొడినే నీళ్ల మీద చల్లుతాడు. అది తనంతట తాను నాని మునిగేదాకా ఆగి, అప్పుడు చెయ్యి పెట్టి గాలిబుడగలు లేవకుండా నెమ్మదిగా కలుపుతాడు. అచ్చులో ఒక పూత పోసి, కొబ్బరి పీచు విడదీసి పరిచి, మీద మరో పూత. తర్వాత కబుర్లు. మధ్యమధ్య వెనక నుంచి అరచేత్తో తాకి చూస్తుంటాడు. కాసేపటికి అది వెచ్చబడుతుంది, ఇంకాసేపటికి బాగా వేడెక్కుతుంది. పొయ్యి లేదు, ఎండా లేదు. ఆ వేడి ఎక్కి దిగేదాకా అచ్చు విప్పడు.

బస్తాలో ఉన్న ఆ తెల్లపొడి చేసిన ప్రయాణం చిత్రమైనది. మన దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో తవ్వే జిప్సం రాయిలో బరువుకు 21 శాతం దాకా నీళ్లే, స్ఫటికం అమరికలో భాగంగా బిగిసి ఉన్న నీళ్లు. దాన్ని 150 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆ నీళ్లలో ముప్పాతిక వంతు పోతుంది. మిగిలినదే పీవోపీ. తడి తగలనంత కాలం బస్తాలో నిలకడగా ఉంటుంది. నీళ్లు తగిలాయా, కుదరలేదన్న సంగతి బయటపడుతుంది. మామూలు వేడిలో నీళ్ల సమక్షంలో కుదిరిన రూపం జిప్సమే. పొడి నీళ్లలో జిప్సం కంటే ఎక్కువగా కరుగుతుంది కాబట్టి, ఆ నీళ్లు మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు ఎత్తుకున్నట్టవుతుంది. ఎక్కువైనదంతా సన్నటి సూది స్ఫటికాలుగా బయటపడుతుంది, ఒకదాని సందులోంచి ఇంకొకటి పెరిగి అల్లుకుపోతుంది. స్తంభం గట్టిదనం ఆ అల్లికే. మేస్త్రీ అరచేతికి తగిలే వేడి, బట్టీలో పెట్టిన వేడిలో కొంత తిరిగి రావడమే. గట్టిపడేటప్పుడు ఇది కుంచించుకుపోదు, వెయ్యికి రెండు మూడు వంతులు ఉబ్బుతుంది. అచ్చులో చెక్కిన లతల సన్న గీతలు కూడా అంత తేటగా దిగడానికి కారణం అదే.

నీళ్ల కొలత దగ్గర ఒక లెక్క ఉంది. 100 కిలోల పొడి మళ్లీ జిప్సం కావడానికి చాలిన నీళ్లు 18.6 కిలోలు. మేస్త్రీ పోసేది అంతకు మూడు నాలుగింతలు, లేకపోతే అచ్చు మూలల్లోకి పారదు. మిగులు నీళ్లు తర్వాత ఆరిపోయి వాటి చోట కంటికి కనపడని సందులు మిగులుతాయి. నీళ్లు తక్కువ పోసిన స్తంభమూ, ఎక్కువ పోసిన స్తంభమూ రసాయనంగా ఒకటే, ప్రావస్థ కూడా ఒకటే. అయినా ఒకటి మనిషి చేరగిలబడితే నిలుస్తుంది, ఇంకోటి మూల విరుగుతుంది. పేరు ఒకటైనా లోపలి అల్లిక వేరైతే నడవడి వేరు.

కడగని గమేళాలో పీవోపీ కలిపితే చేతిలో ఉండగానే బిగుసుకుపోతుందని సహాయకులకు మొదటి వారంలోనే చీవాట్లతో నేర్పుతారు. నిన్నటి గార ముక్కల్లో ముందే కుదిరిన జిప్సం ఉంటుంది. కొత్త స్ఫటికాలు మొదలు కావడానికి ఆ ముక్కలే కుదుళ్లు అవుతాయి. ఈ మాటను ఇక్కడ వరిచేలో వాడిన అర్థంలోనే వాడుతున్నాను. ఆలస్యంగా బిగియాలనుకునేవాళ్లు చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తారు, అది స్ఫటికాలు పెరగకుండా అడ్డుపడుతుంది. బట్టీలో మరీ ఎక్కువ కాల్చిన పొడిది ఇంకో కథ: నీళ్లన్నీ పోయి, మళ్లీ నీళ్లు పోసినా గంటల తరబడి ఉలకదు.

పేరులో మిగిలిన ఫిల్మ్‌కు వద్దాం. ఫిల్మ్ నగర్‌లో ఇప్పుడు ఫిల్మ్ మీద తీసేవాళ్లు లేరు. ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిల్మ్ తయారీ 2013లో ఆపేసింది, ఆ సరికే ఇక్కడి ల్యాబుల్లో పని పలచబడింది. కానీ అంతకు ముందు ఎనభై ఏళ్ల తెలుగు సినిమా చరిత్ర డబ్బాల్లో చుట్టుకుని ఉంది, దాని రసాయనం నిర్మాతల అనుమతి కోసం ఆగదు. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చిన కాలంలో వాడుకలో ఉన్నది సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్మ్. అది నిప్పంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, అంటుకోకపోయినా తనలో తాను కుళ్లుతుంది. 1950ల మొదట్లో దాని స్థానంలోకి ఎసిటేట్ వచ్చింది, దానికి 'సేఫ్టీ ఫిల్మ్' అని పేరు పెట్టారు. నిప్పు సంగతి వరకే ఆ పేరు నిజం.

ఎసిటేట్ రీలు డబ్బా మూత తీయగానే సిర్కా వాసన గుప్పుమంటే పని అయిపోయిందని పాత ఎడిటర్లకు తెలుసు. గాలిలోని తేమ ఫిల్మ్ అణువుల నుంచి ఎసిటిక్ ఆమ్లాన్ని విడదీస్తుంది. ఆ ఆమ్లమే మిగతా అణువులు విడిపోవడాన్ని ఇంకా తొందర చేస్తుంది. అంటే రోగమే తనకు తాను ఆజ్యం పోసుకుంటుంది. ఫిల్మ్ మెత్తగా వంగడానికి అందులో కలిపిన ప్లాస్టిసైజర్ కొంతకాలం దానితో ఒకే ప్రావస్థగా కలిసి ఉంటుంది. అణువుల కూర్పు మారేకొద్దీ ఆ సహవాసం చెడి, ప్లాస్టిసైజర్ బయటికొచ్చి రీలు మీద తెల్లటి పొడిగా పేరుకుంటుంది. ఫిల్మ్ కుంచించుకుపోతుంది, మీద ఉన్న జెలటిన్ పొర మాత్రం అంతగా కుంచించుకోదు. ఒకదానికొకటి కుదరని రెండు పొరలు అంటుకుని ఉంటే ఏమవుతుంది? ముడతలు పడి, మధ్యమధ్య లేచి విడిపోతాయి. బొమ్మ ఉన్నది ఆ పైపొరలోనే.

21 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త ఎసిటేట్ రీలు నాలుగైదు దశాబ్దాలు తాళుతుందని లెక్క. మద్రాసు తేమ, హైదరాబాద్ మే నెల ఎండ ఆ లెక్కలో లేవు. చల్లగా, పొడిగా ఉంచితే కాలం పెరుగుతుంది. రసాయనం మారదు, వేగం తగ్గుతుంది. పురాతన చిత్రాలను కాపాడటమంటే వాటికి కుదురు ఇవ్వడం కాదు, నిలకడ కొనడం. కరెంటు బిల్లు కట్టి నెలనెలా కొనాలి. 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టాక కూడా చాలా రీళ్లు నిర్మాతల గోడౌన్లలోనే ఉండిపోయాయి. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు ఇక్కడికి దగ్గరే ఉన్న అన్నపూర్ణ స్టూడియోస్‌లో వారం రోజుల పాటు రీళ్లు శుభ్రం చేయడం, అతకడం, పరీక్షించడం నేర్పించారు. అది ముప్పై ఏళ్ల ముందు జరిగి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఫిల్మ్‌లో నాకు అన్నిటికన్నా అబ్బురం వేరే ఉంది. కెమెరా మూత తెరిచి మూసిన క్షణంలో వెలుగు తగిలిన సిల్వర్ బ్రోమైడ్ కణంలో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు. ఆ కణం డెవలపర్‌లో మొత్తం వెండిగా మారిపోతుంది, అవి చేరని కణం మారదు. ఏ సూక్ష్మదర్శినికీ బొమ్మగా కనపడని బొమ్మ అది. దానిది పక్కా నిలకడే. రోజులు గడిచేకొద్దీ, వేడికీ తేమకూ, చెదురుతుంది. హైదరాబాద్‌లో ల్యాబులు రాకముందు ఎక్స్‌పోజ్ చేసిన నెగటివ్‌ను మద్రాసు పంపడానికి ప్రొడక్షన్ మేనేజర్లు అంత హైరానా పడేవాళ్లంటే అందులో బొమ్మను కాపాడుకునే ఆత్రం కూడా ఉంది.

కుదురు లేకపోవడం ఎప్పుడూ నష్టమే అనుకుంటే పొరపాటు. నగరం అవతలి కొసన కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని లోహాల కర్మాగారం బతుకంతా దీని చుట్టూనే. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే కార్బన్ పరమాణువులకు తమ చోటు వెతుక్కునే వ్యవధి ఉండదు. ఇరుక్కుపోయి లోహం అల్లికనే వంకర చేస్తాయి, ఆ ఇరకాటమే కత్తికి గట్టిదనం. నెమ్మదిగా చల్లార్చితే అన్నీ కుదురుకుంటాయి, కత్తి మెత్తబడుతుంది. మన జానపద చిత్రాల కత్తులకు ఈ గొడవ లేదు, అవి నిజంగా ఏదీ తెగనరకాల్సిన పని లేదు గనక.

ఫిల్మ్ నగర్ పేట రాకముందు ఇక్కడ ఉన్నవి బండలు. జూబ్లీహిల్స్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం అనే ప్రావస్థలు భూమి లోపల కొన్ని మైళ్ల లోతున, అక్కడి వేడికి, అక్కడి ఒత్తిడికి కుదిరాయి. పైకి తేలాక వాన తగిలింది. క్వార్ట్జ్ పట్టించుకోలేదు. ఫెల్డ్‌స్పార్‌కు మాత్రం కుదరలేదు, నీళ్లతో కలిసి బంకమన్నుగా మారడం మొదలుపెట్టింది. బీటల వెంట అది వదులై జారిపోయాక మిగిలినవే ఒకదాని మీద ఒకటి కూర్చున్న గుండ్రటి బండలు, జారిపోయింది మొరం. వాటిని కాపాడాలని 1996లో హైదరాబాద్‌లో ఒక సంఘమే పుట్టింది. కుండ అడుగంత గుండ్రన ఉన్న ఆ బండలు అన్నేళ్లు నిలవడానికి కింద ఉన్న చిన్న ఆనుడే ఆధారం. పునాదుల కోసం తవ్వేవాడు మొదట తీసేది దాన్నే.

ఇప్పుడు ఫిల్మ్ నగర్ కుర్రాళ్ల నోట కుదరడం తగ్గి సెట్ అవడం పెరిగింది. డేట్లు సెట్ అయ్యాయి, కాంబో సెట్ అయింది. మోల్డింగ్ మేస్త్రీ కూడా స్తంభం సెట్ అయిందనే అంటాడు, అతను పోస్తున్నదాని పేరూ సెట్టే. నాకేమీ అభ్యంతరం లేదు. సెట్ కూడా వచ్చీ రాగానే మన చతుర్థిని తగిలించుకుంది: 'వాడికి ఆ పాత్ర సెట్ అవ్వదు.' నిరాకరించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంకా పాత మాటే వాడుతున్నారు. సెట్ అవ్వదు అంటే ఎందుకు అవ్వదని ఎదుటివాడు వాదనకు దిగుతాడు, కుదరదు అంటే లేచి వెళ్లిపోతాడు.

షూటింగ్ అయిపోయాక కొలువు స్తంభాలను గునపాలతో పడగొట్టి లారీకెత్తుతారు. ఆ ముక్కలను మళ్లీ 150 డిగ్రీల దగ్గర కాలిస్తే మళ్లీ పొడి, మళ్లీ నీళ్లు, మళ్లీ స్తంభం. రసాయనానికి ఏ అభ్యంతరమూ లేదు. కొబ్బరి పీచు, రంగులు, మేకులు ఏరి వేరుచేసే కూలి మాత్రం ఎవరికీ గిట్టుబాటు కాదు.